పొదుగువాపుకు ట్యూబు ఎక్కించే ముందు

ఆవు పాలు విరిగినట్టు గడ్డలుగా వస్తున్నాయా, పొదుగు గట్టిపడి వేడిగా ఉందా? మెడికల్ షాపులో చేతికందిన యాంటీబయాటిక్ ట్యూబు తెచ్చి చన్నులోకి ఎక్కించకండి. యాంటీబయాటిక్ పడకముందే ఆ చన్ను నుంచి పాల శాంపిల్ తీయాలి. పడ్డాక తీస్తే పరీక్షలో క్రిమి సరిగా దొరకదు. మన వరంగల్ పక్కనే మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేయించే వీలుందేమో డాక్టరును అడగండి. ఊళ్లో డాక్టరు దొరక్కపోతే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి.

అసలు తేడా వచ్చేది ట్యూబు ఎక్కించేటప్పుడే. చన్నులో పాలన్నీ పిండేసి, రంధ్రం దగ్గర స్పిరిట్ దూదితో రుద్దండి. దూదికి మురికి అంటితే ఇంకోటి తీసుకోండి, తెల్లగా వచ్చేదాకా. ట్యూబు ముక్కు మొత్తం గుచ్చొద్దు, కొన దూరితే చాలు. లోతుగా పోతే లోపలి పొర దెబ్బతిని కొత్త క్రిములు చేరతాయి.

పాలు తెల్లబడ్డాయని కోర్సు మధ్యలో ఆపకండి. పాలు వాడకూడదని ట్యూబు మీద రాసిన గడువు తీరేదాకా నాలుగు చన్నుల పాలూ పాల కేంద్రంలో పోయొద్దు, దూడకూ తాపొద్దు. నష్టమే, కానీ కాగబెట్టినా ఆ మందు పోదు, తాగేది పసిపిల్లలు కూడా. మందు నడుస్తున్న ఆవును అన్నిటికంటే చివర్లో పిండండి.