అన్నం మానకుండా షుగరును అదుపులోకి తెచ్చుకోవడం: కంచాన్ని కొలిచి, సర్ది, పరీక్షించే పద్ధతి

మధుమేహం ఉందని రిపోర్టులో తేలిన వారంలోపే మన ఇళ్లలో బియ్యం డబ్బా పక్కన కొర్రల సంచీ ఒకటి వచ్చి చేరుతుంది. రాత్రి అన్నం బదులు చపాతీలు, పంచదార బదులు బెల్లం మొదలవుతాయి. మూడు నెలలు ఇష్టం లేకపోయినా అలాగే తిని పరీక్ష చేయిస్తే అంకె పెద్దగా కదలదు, ఆ నిరాశతో మళ్లీ పాత భోజనానికే వచ్చేస్తారు. ధాన్యం మారినా దాని నుంచి వచ్చే పిండిపదార్థాల మోతాదు మారకపోవడమే ఇందుకు కారణం. 2025లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి)-ఇండియాబ్ ఆహార అధ్యయనం ప్రకారం భారతీయులకు రోజువారీ శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. మొత్తం మోతాదు తగ్గించకుండా బియ్యం స్థానంలో గోధుమపిండినో చిరుధాన్యాల పిండినో వాడినంత మాత్రాన మధుమేహ ముప్పు తగ్గలేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. కాబట్టి ముందు కొలత, తర్వాత కంచంలో పాళ్లు, ఆ తర్వాత తినే వరుస మార్చుకోవాలని, బియ్యం రకం గురించి ఆలోచన ఆఖరుకు వదలాలని నేను నమ్ముతున్నాను.

మొదలుపెట్టే ముందు మందుల చీటీ చూసుకోవాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం కనిపించి మీటరులో 70 కంటే తక్కువ వస్తే వెంటనే మూడు చెంచాల పంచదారను నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవారు పిండిపదార్థాలను దాదాపు పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) ప్రమాదకర స్థాయికి పెరగవచ్చు, ఆ సమయంలో షుగర్ రీడింగు మామూలుగానే కనిపించి మోసం చేయవచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవారు, గర్భిణులు, టైప్ 1 మధుమేహం ఉన్నవారు ఇక్కడ చెప్పినవి తమ వైద్యుడితో మాట్లాడకుండా పాటించకూడదు.

తిండికీ షుగరుకూ ఉన్న సంబంధం తెలిస్తే మిగతాది సులువవుతుంది. అన్నం, ఇడ్లీ, రొట్టె ఏది తిన్నా అందులోని పిండి చివరికి గ్లూకోజుగా మారి రక్తంలోకి చేరుతుంది, క్లోమం విడుదల చేసే ఇన్సులిన్ దాన్ని కండరాల్లోకి, కాలేయంలోకి పంపుతుంది. ఏళ్ల తరబడి అవసరానికి మించి తింటే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. అలా కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్‌కు లొంగదు, మనం ఏమీ తినని రాత్రి వేళ కూడా రక్తంలోకి గ్లూకోజును వదులుతూనే ఉంటుంది. "రాత్రి రెండు చపాతీలే తిన్నాను, పరగడుపున 150 ఎలా వచ్చింది?" అని అడిగేవారికి సమాధానం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వులు) పెరగడం, స్కానింగులో ఫ్యాటీ లివర్ అని రావడం, బొజ్జ పెరగడం కూడా ఈ గొలుసులోని లంకెలే.

ఇక కొలత. మా అమ్మ ఎప్పుడూ "నేను తినేది పిడికెడన్నమే కదా" అనేది, అది నిజమని మేమందరం నమ్మాం. ఒకరోజు మధ్యాహ్నం వంటింటి కాటా మీద ఖాళీ స్టీలు కంచం పెట్టి, అంకె సున్నాకు తెచ్చి, ఆమె వడ్డించుకున్న ప్రతిసారీ తూచాను. పప్పుతో కలుపుకున్నది 160 గ్రాములు, చారుకు వేసుకున్నది 120 గ్రాములు, ఆఖరున మజ్జిగలోకి మరో 100 గ్రాములు. ఏ ఒక్కసారీ కంచంలో ఎక్కువ అన్నం కనిపించలేదు గానీ మొత్తం 380 గ్రాములైంది. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి కాబట్టి ఆ ఒక్క పూటలోనే ఆమెకు 100 గ్రాములకు పైగా అందాయి. మన భోజనంలో అన్నం మూడు విడతలుగా రావడం వల్ల ఎవరికీ లెక్క తెలియడం లేదు. వంటింటి కాటా లేకపోతే ఎప్పుడూ వాడే ఒకే గిన్నెతో కొలిచినా సరిపోతుంది.

ఆ పూటకు తినదలచిన అన్నమంతా మొదటే ఒక్కసారి కంచంలో పెట్టుకుని గిన్నె లోపల పెట్టేయడం ఇందుకు నాకు తెలిసిన అన్నిటికంటే మంచి ఉపాయం. దానిలోనే పప్పుకింత, కూరకింత పంచుకోవాలి. చారును గ్లాసులో పోసుకుని తాగవచ్చు, మజ్జిగ కూడా అంతే. ఈ రెండు విడతల అన్నం తగ్గిందంటే సగం పని అయినట్టే, పైగా భోజనంలోని రుచులేవీ పోవు. మొదటి రెండు వారాలు మూడో వంతు తగ్గించి, ఆకలి సర్దుకున్నాక మరికొంత తగ్గించడం మంచిది. కూర్చుని పనిచేసే మనిషికి పూటకు ఒక కప్పు, అంటే సుమారు 150 గ్రాముల అన్నం దగ్గర నిలబడటం సాధ్యమయ్యే లక్ష్యం. పొలం పని చేసేవారికి ఈ లెక్క వర్తించదు.

అన్నం తగ్గిన చోట కడుపు నింపేది మరొకటి పెట్టకపోతే సాయంత్రానికి మిక్చరు డబ్బా మీదికి చెయ్యి పోతుంది. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు మాంసకృత్తులు, మిగిలిన పావు వంతు అన్నం ఉండాలి. మనం అన్నంలో నంజుకోవడానికి రెండు చెంచాల కూర వేసుకోవడానికి అలవాటుపడ్డాం, ఇప్పుడు కూరే ఎక్కువగా, దానికి తోడుగా అన్నం తినాలి. ఇందుకోసం నూనె, ఉప్పు, కారం తగ్గించి వండుకోవాలి, లేకపోతే అంత కూర తినలేం. బెండ, దొండ, బీర, సొర, వంకాయ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర వంటివన్నీ కూర లెక్కలోకి వస్తాయి. బంగాళదుంప, చేమదుంప, కంద మాత్రం అన్నం లెక్కలోకి వస్తాయి, ఆలూ వేపుడుతో అన్నం తినడమంటే పిండితో పిండి తినడమే. మాంసకృత్తులకు ముద్దపప్పు, ఉడికించిన శనగలు, పెరుగు, గుడ్డు, చేప, కోడిమాంసం ఏదైనా సరే. శాకాహారులు పప్పును నీళ్లలా పలచగా కాకుండా చిక్కగా వండుకోవాలి.

తినే వరుసకు కూడా ప్రభావం ఉంది. కూర, పప్పు, గుడ్డు ముందుగా కొంత తిని ఆ తర్వాత అన్నానికి వస్తే, అదే భోజనానికి షుగర్ పెరుగుదల తక్కువగా ఉంటుందని ప్రయోగాల్లో తేలింది. తిన్న తర్వాత పది, పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు కొంత గ్లూకోజును వెంటనే వాడేసుకుంటాయి. రాత్రి భోజనం చేసి అటే మంచమెక్కేవారికి ఈ నడక మరీ అవసరం.

ఈ మార్పులు పనిచేస్తున్నాయో లేదో మీ గ్లూకోమీటరే చెబుతుంది. చాలామంది పరగడుపున మాత్రమే చూసుకుంటారు, ఏ భోజనం ఏం చేసిందో దానివల్ల తెలియదు. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న సమయం నుంచి లెక్కపెట్టి సరిగ్గా రెండు గంటలకు మరోసారి చూసి, రెండు అంకెలూ, తిన్నదీ పుస్తకంలో రాసుకోవాలి. మరునాడు అదే వేళకు అదే భోజనంలో ఒక్క విషయం మాత్రమే మార్చి మళ్లీ చూడాలి. మామిడిపండు కోసిన చేతిని కడుక్కోకుండా వేలు గుచ్చుకుంటే రీడింగు అబద్ధంగా ఎక్కువ వస్తుంది కాబట్టి ముందు సబ్బుతో కడుక్కుని తడి పూర్తిగా తుడుచుకోవాలి. మధుమేహం ఉన్న చాలామంది పెద్దలకు భోజనం తర్వాత 180 దాటకుండా, భోజనానికి ముందు 80 నుంచి 130 మధ్య ఉండటం సాధారణ లక్ష్యం. వయసు మళ్లినవారికి డాక్టరు దీన్ని సడలించవచ్చు.

టిఫిన్ల దగ్గర చాలామంది తడబడతారు. ఇడ్లీ నూనె లేనిది కాబట్టి మంచిదనుకుంటారు గానీ చట్నీతో నాలుగు ఇడ్లీలు తింటే ఆ పూటంతా పిండే. రెండు ఇడ్లీలు, గిన్నెడు కూరగాయల సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు తింటే లెక్క పూర్తిగా మారుతుంది. పొట్టుతో ఉన్న పెసలతో చేసిన పెసరట్టు మన టిఫిన్లలో మేలైనది, అందులో ఉప్మా పెట్టకపోతేనే సుమా. రాగులను మెత్తగా పిండి పట్టించి జావ కాచి తాగితే అది త్వరగా అరిగి షుగరును వేగంగానే పెంచగలదు, రాగి అన్న పేరు చూసి పెద్ద గ్లాసుతో తాగకూడదు.

బియ్యం రకం విషయానికి ఇప్పుడు రావచ్చు. దంపుడు బియ్యంలో, కొర్రల్లో, సామల్లో పాలిష్ బియ్యం కంటే పీచు ఎక్కువ, అవి నచ్చితే తప్పకుండా తినండి. తెలంగాణ సోనా వంటి రకాలను షుగర్ ఉన్నవారి బియ్యమని అమ్ముతున్నా, కప్పు లెక్క వాటికీ వర్తిస్తుంది. బెల్లం, తాటిబెల్లం, తేనె మాత్రం షుగర్ విషయంలో పంచదారతో సమానమే. రోజుకు నాలుగు టీలలో రెండేసి చెంచాలు వేసుకునేవారికి అక్కడే సుమారు 40 గ్రాముల చక్కెర చేరుతుంది, అన్నం కంటే ముందు దాన్ని ఆపాలి. పండు కొరికి తినవచ్చు, రసం తీయకూడదు.

షుగరుతో పాటు నడుము చుట్టుకొలతను కూడా నెలకోసారి చూడండి. ఊపిరి మామూలుగా వదిలి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువైనట్టు. ఆ కొవ్వు తగ్గితే ఎంత మేలో బ్రిటన్‌లోని డైరెక్ట్ ప్రయోగం 2017లో చూపింది. వ్యాధి బయటపడి ఆరేళ్లు మించని వారికి వైద్య పర్యవేక్షణలో కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 క్యాలరీల ఆహారమే ఇస్తే, ఏడాది తర్వాత 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహ స్థాయి కంటే దిగువకు వచ్చారు. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలో అది 86 శాతం. ఇంకా ప్రీడయాబెటిస్ దశలోనే, అంటే షుగర్ మామూలు కంటే ఎక్కువగా ఉన్నా మధుమేహ స్థాయికి చేరని దశలోనే ఉన్నవారికి అంత కఠినం అవసరం లేదు. 2006లో ప్రచురితమైన భారతీయ నివారణ అధ్యయనంలో ఆహారం, నడక మార్పులతోనే మూడేళ్లలో వ్యాధిగా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) చేయించుకుని, ఆ రిపోర్టుతో పాటు మీ రీడింగుల పుస్తకాన్ని కూడా డాక్టరుకు చూపించండి. మధ్యలో రీడింగులు తరచూ 80 కిందికి వస్తుంటే మూడు నెలలు ఆగవద్దు. మాత్రల మోతాదు తగ్గించాల్సిన సమయం వచ్చి ఉండవచ్చు, ఆ పని సొంతంగా చేసుకోకుండా ఆ వారంలోనే వెళ్లి అడగండి.