ముప్పై దాటాక ఎంబీబీఎస్: చంద్రపూర్, గడ్చిరోలి తెలుగువారు పుస్తకం తెరిచేముందు తేల్చుకోవలసినవి

మహారాష్ట్రలో తెలంగాణను ఆనుకుని ఉన్న ఈ రెండు జిల్లాల్లో, అంటే బల్లార్పూర్ కాగితపు మిల్లులో, రాజురా చుట్టుపక్కల బొగ్గు గనుల్లో, సిరోంచ తాలూకా బడుల్లో, చంద్రపూర్ బ్యాంకుల్లో కొన్నేళ్లు ఉద్యోగం చేసిన తర్వాత డాక్టరు చదువు మీదికి మనసు మళ్లిన తెలుగువారు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఈ వయసులో చేర్చుకుంటారా అన్నది మొదటిది, ఈ వయసులో చదవగలనా అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు దొరకడం కష్టం కాదు. అసలు చిక్కు మూడో ప్రశ్నలో ఉంది: ప్రవేశాల నిబంధనల ప్రకారం మీరు ఏ రాష్ట్రం విద్యార్థి? ఇల్లు ఒక రాష్ట్రంలో, ఇంటర్ మరో రాష్ట్రంలో, తాతగారి ఊరు ఇంకొక రాష్ట్రంలో ఉన్న కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. అందువల్ల కోచింగ్‌కు డబ్బు కట్టేముందు ఒక నెల రోజులు కాగితాలకే కేటాయించాలన్నది నా గట్టి అభిప్రాయం.

వయసు సంగతి ముందు ముగిద్దాం. ఒకప్పుడు వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష నీట్ రాయడానికి జనరల్ అభ్యర్థులకు 25, రిజర్వేషన్ ఉన్నవారికి 30 ఏళ్ల పరిమితి పెట్టారు, అది కోర్టులకెక్కింది, చివరకు జాతీయ వైద్య కమిషన్ గరిష్ఠ వయోపరిమితిని ఎత్తివేసి, ఆ విషయాన్ని 2022 మార్చిలో ప్రకటించింది. ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండితే చాలు. ఎన్నిసార్లు రాయవచ్చన్న దానికీ పరిమితి లేదు. పుణెలోని సైనిక వైద్య కళాశాల వంటి ఒకటి రెండు సంస్థలు మాత్రం తమ సొంత వయోపరిమితిని పాటిస్తాయి కనుక వాటిని లెక్కలోంచి తీసివేయండి.

తర్వాత మీ పన్నెండో తరగతి మార్కుల జాబితా తీసి చూడండి. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లిష్ అందులో ఉండాలి. జీవశాస్త్రానికి బదులు బయోటెక్నాలజీ ఉన్నా సరిపోతుంది. ఇంటర్లో ఎంపీసీ చదివి ఇంజనీరైనవారికి ఇక్కడే దారి మూసుకుపోయేది. 2023 నవంబరు 22న కమిషన్ ఇచ్చిన బహిరంగ ప్రకటన ఈ అడ్డంకిని తొలగించింది: పన్నెండో తరగతి పాసైన తర్వాత ఈ సబ్జెక్టులలో తక్కువైనదానిని అదనపు సబ్జెక్టుగా గుర్తింపు పొందిన బోర్డు ద్వారా పూర్తిచేసినవారు కూడా నీట్‌కు అర్హులే. ఉద్యోగస్థులకు అందుబాటులో ఉన్న మార్గం జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్‌ఐఓఎస్. అక్కడ జీవశాస్త్రం ఒక్కటే తీసుకుని చదవవచ్చు. ఏప్రిల్, మే నెలల్లోనూ అక్టోబరు, నవంబరు నెలల్లోనూ రాతపరీక్షలు జరుగుతాయి. జీవశాస్త్రానికి ప్రాక్టికల్స్ ఉంటాయి కాబట్టి ఆ రోజులకు సెలవు ముందే మాట్లాడి పెట్టుకోవాలి. అధ్యయన కేంద్రాన్ని మహారాష్ట్రలోనే ఎంచుకోవాలి. కారణం కింద చెబుతున్నదే.

ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా, మిగిలిన 85 శాతం రాష్ట్ర కోటా. అఖిల భారత కోటాకు మీ ఊరితో పని లేదు. రాష్ట్ర కోటాకు వచ్చేసరికి, మహారాష్ట్రలో సాధారణ నియమం ప్రకారం డొమిసైల్ (నివాస) సర్టిఫికెట్‌తో పాటు పదో తరగతీ పన్నెండో తరగతీ రాష్ట్రంలోనే పాసై ఉండాలి. సిరోంచ, అహేరి, రాజురా ప్రాంతాల్లో పది దాకా ఊళ్లో చదివి, ఇంటర్‌కు మంచిర్యాలకో హన్మకొండకో వెళ్లినవారు చాలామంది ఉన్నారు. వారికి మహారాష్ట్ర కోటాలో పన్నెండో తరగతి అడ్డమవుతుంది. పోనీ తెలంగాణలోనైనా స్థానికులవుతారా అంటే, అక్కడ తొమ్మిది నుంచి ఇంటర్ వరకు నాలుగేళ్లు వరుసగా ఆ రాష్ట్రంలో చదివి ఉండాలన్నది ప్రధాన నియమం. రెండేళ్ల ఇంటర్ దానికి చాలదు. అంటే రెండు రాష్ట్రాల మధ్య పెరిగిన విద్యార్థి రెండు కోటాలకూ దూరమై, 15 శాతం సీట్లకూ డీమ్డ్ విశ్వవిద్యాలయాలకూ పరిమితమయ్యే ప్రమాదం ఉంది. ప్రభుత్వ సీటే లక్ష్యమైనవారికి మార్కుల కంటే ముందు ఈ సంగతి తేలాలి. మీ పరిస్థితి వివరిస్తూ రాష్ట్రంలో ప్రవేశాలు చూసే మహారాష్ట్ర సీఈటీ సెల్‌కు రాతపూర్వకంగా ప్రశ్న పంపి, జవాబును దాచుకోండి. సర్టిఫికెట్లకు దరఖాస్తులు తీసుకునే సేతు కేంద్రంలో నోటిమాటగా వచ్చే సలహా కౌన్సెలింగ్ రోజున పనికి రాదు.

కులధ్రువీకరణ ఇంతకంటే పెద్ద పని. షెడ్యూల్డ్, వెనుకబడిన కులాల జాబితాలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. లంబాడాలు తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ. అదే బంజారా కుటుంబం మహారాష్ట్రలో షెడ్యూల్డ్ తెగల్లో కాక, విముక్త జాతులనే వేరే జాబితా కింద వస్తుంది. ఆదిలాబాద్‌లోని బంధువు సర్టిఫికెట్ చూసి మనదీ అంతే అనుకోకూడదు. పైగా మహారాష్ట్రలో కుల సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, జాత్ పడతాళణీ సమితి, అంటే కులాన్ని పరిశీలించి నిర్ధారించే సమితి ఇచ్చే వాలిడిటీ సర్టిఫికెట్ కూడా కావాలి. ఆ సమితి అడిగే మొదటి ప్రశ్న మీ తాతముత్తాతలు ఈ రాష్ట్రంలో ఎప్పటినుంచి ఉన్నారన్నదే: షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి 1950, విముక్త జాతులవారికి 1961, ఓబీసీలకు 1967 ప్రమాణ సంవత్సరాలు. గని పనికి కరీంనగర్ వైపు నుంచి 1970లలో వచ్చిన కుటుంబానికి ఇక్కడ రిజర్వేషన్ దక్కడం చాలా కష్టం. అంతకుముందే వచ్చినవారైతే తాతగారు చదివిన బడి నుంచి నిర్గమ్ ఉతారా (బడి రిజిస్టరు నకలు), పాత జనన మరణాల నమోదు ఉన్న కోత్‌వాల్ బుక్ నకలు, భూమి ఉంటే సాత్‌బారా ఉతారా (భూమి రికార్డు నకలు) సంపాదించాలి. వీటికి నెలలు పడుతుంది. నీట్ ఫలితం వచ్చాక మొదలుపెడితే అందవు.

పేర్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ వలస కుటుంబాలను ఎక్కువగా తిప్పేది అదే. తెలుగు అలవాటులో ఇంటిపేరు ముందు వస్తుంది, తరచు పొడి అక్షరంగానే ఉంటుంది: తెలంగాణ ఇంటర్ మెమోలో «జి. రాజేశ్వరి» అని ఉంటుంది. మహారాష్ట్ర కాగితాలలో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ విడివిడిగా ఉంటాయి. అదే వ్యక్తి ఆధార్‌లో «రాజేశ్వరి మల్లయ్య గుండేటి». పెళ్లయ్యాక తండ్రి పేరు స్థానంలో భర్త పేరు, కొత్త ఇంటిపేరు వచ్చి చేరతాయి. ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్, పన్నెండో తరగతి సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూడండి. నీట్ దరఖాస్తులో పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరునూ పుట్టిన తేదీనీ అనుసరించి, ఆధార్‌ను దానికి తగ్గట్టు దిద్దించుకోవడం మంచిది. పెళ్లితో పేరు మారినవారు వివాహ ధ్రువపత్రాన్నీ, వీలైతే మహారాష్ట్ర రాజపత్రంలో వెలువడిన పేరు మార్పు ప్రకటననూ సిద్ధంగా ఉంచుకోవాలి. అక్షరం తేడాకు అఫిడవిట్ సరిపోవచ్చు, ఇంటిపేరే మారితే సరిపోదు.

ఇక కాలం, డబ్బు. ఎంబీబీఎస్ నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. చేరిన తర్వాత తొమ్మిదేళ్లలో చదువు పూర్తిచేయాలి, మొదటి సంవత్సరం గట్టెక్కడానికి నాలుగు అవకాశాలే ఉంటాయి. ముప్పయ్యో ఏట సన్నాహం మొదలుపెట్టినవారు, రెండేళ్లలో సీటు వస్తే, 38 దగ్గర డాక్టరవుతారు. పీజీ చేస్తే మరో మూడేళ్లు. ఈ కాలంలో ఉద్యోగం చేయడం కుదరదు, ఎందుకంటే థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు మొత్తం సర్వీసులో దొరికే స్టడీ లీవు మామూలుగా 24 నెలలే కనుక దాని మీద ఆధారపడి లాభం లేదు. ప్రభుత్వ కళాశాలలో ఫీజు మధ్యతరగతి మోయగలిగినదే. మోయలేనిది జీతం లేని ఐదున్నర ఏళ్ల ఇంటి ఖర్చు. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందులు కలిపి నెలకు ఎంతవుతుందో వేసి, దానిని 66తో గుణించి, ఆ అంకెను ఇంట్లోవాళ్ల ముందు పెట్టి మాట్లాడాలి. ఈ మాట భార్యాభర్తల మధ్య తేలకుండా మొదలైన చదువు మొదటి మాక్ టెస్టు దగ్గరే తడబడుతుంది.

చదువు విషయంలో వయసు వచ్చినవారికి నష్టం ఉన్నంతగా లాభమూ ఉంది. 2025 పద్ధతి ప్రకారం నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. జీవశాస్త్రం 90, భౌతిక రసాయన శాస్త్రాలు చెరి 45. సరైన జవాబుకు 4, తప్పుకు ఒకటి కోత. సగం మార్కులు జీవశాస్త్రానివే కాబట్టి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల జీవశాస్త్ర పుస్తకాలను అక్షరాలా చదవాలి. కుర్రవాళ్లు వాటిని వల్లె వేస్తారు. లెక్కలతో పదేళ్లు గడిపినవారు మరోలా చదవగలరు. మూత్రపిండాల పాఠమే తీసుకోండి. రెండు మూత్రపిండాలూ కలిసి నిమిషానికి దాదాపు 125 మిల్లీలీటర్లు వడకడతాయని పుస్తకంలో ఉంటుంది. దానిని 60తో, మళ్లీ 24తో గుణిస్తే రోజుకు 180 లీటర్లు. బయటికి పోయే మూత్రం ఒకటిన్నర లీటరే. మిగిలిన 99 శాతం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న పుట్టిందంటే, మూత్రపిండంలో వడపోత జరిపే సన్నని గొట్టం నెఫ్రాన్‌లోని ప్రతి భాగం ఏం పీల్చుకుంటుందో చెప్పే తర్వాతి రెండు పేజీలూ వాటంతటవే అర్థమవుతాయి.

భౌతికశాస్త్రం అలా లొంగదు. దానికి రోజూ చేతితో లెక్కలు చేయడం ఒక్కటే మార్గం, అదీ మెలకువ బాగా ఉన్న వేళ. గనిలో మొదటి షిఫ్టు వారికి సాయంత్రం, రాత్రి షిఫ్టు వారికి నిద్ర లేచిన తర్వాత మొదటి రెండు గంటలు దానికే ఇవ్వాలి. జీవశాస్త్రాన్ని బస్సులోనూ చదవవచ్చు. కోచింగ్ కోసం లాతూరులోనో నాందేడ్‌లోనో పదిహేడేళ్ల పిల్లలతో హాస్టల్లో ఉండవలసిన అవసరం లేదు. ఒక మంచి టెస్ట్ సిరీస్‌లో చేరి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు, అంటే అసలు పరీక్ష వేళకే, ఓఎమ్మార్ కాగితం మీద నల్ల బాల్‌పెన్నుతో గుండ్రాలు నింపుతూ రాయండి. ఏళ్ల తరబడి కీబోర్డుకు అలవాటుపడిన చేతికి ఆ గుండ్రాలే సమయం తినేస్తాయి.

దరఖాస్తులో ప్రశ్నపత్రం భాష ఎంచుకోవలసిన చోట ఆగి ఆలోచించండి. నీట్ 13 భాషల్లో జరుగుతుంది, వాటిలో తెలుగు ఉంది. అయితే తెలుగు ప్రశ్నపత్రం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కేంద్రాల్లోనే ఇస్తారు. చంద్రపూర్‌లోనో నాగపూర్‌లోనో రాసేవారికి ఇంగ్లిష్, హిందీ, మరాఠీ వంటివే దొరుకుతాయి. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది, వైద్య కళాశాలలో పాఠాలూ ఇంగ్లిష్‌లోనే ఎక్కువ. తెలుగు మాధ్యమంలో చదివినవారు సైతం మొదటినుంచీ ఇంగ్లిష్ పుస్తకంతోనే సిద్ధం కావడం మేలు.

2025లో దేశమంతటా దాదాపు 22 లక్షల మంది పరీక్ష రాస్తే, ఎంబీబీఎస్ సీట్లు 1.2 లక్షల దరిదాపుల్లో ఉన్నాయి, అందులో ప్రభుత్వ సీట్లు సుమారు సగం. అందువల్ల «క్వాలిఫై» అయ్యారంటే సీటు వచ్చినట్టు కాదు. ఎన్నిసార్లు రాస్తారో ముందే నిర్ణయించుకోండి. నా సలహా రెండు, మహా అయితే మూడు. అదే ర్యాంకుతో దంతవైద్యం, ఆయుర్వేదం, హోమియోపతి సీట్లకు కూడా ప్రయత్నించవచ్చు, కానీ ఇష్టం లేని చికిత్సావిధానంలో ఐదున్నరేళ్లు గడపడం ఈ వయసులో తగని పని. నాగపూర్, హైదరాబాద్ ఏజెంట్లు విదేశీ ఎంబీబీఎస్ గురించి ఫోన్లు చేస్తారు. 2021 నిబంధనల ప్రకారం అక్కడి చదువు కనీసం 54 నెలలు ఇంగ్లిష్ మాధ్యమంలో సాగాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో జరగాలి, తిరిగి వచ్చాక ఇక్కడ అర్హత పరీక్ష పాసవాలి. నీట్ అర్హత లేకుండా వెళ్తే ఆ డిగ్రీ ఇక్కడ చెల్లదు. 54 నెలల చదువు, ఇంగ్లిష్ మాధ్యమం, అదే సంస్థలో ఇంటర్న్‌షిప్: ఈ మూడింటినీ ఏజెంటు రాసి ఇవ్వకపోతే ఫోన్ పెట్టేయండి.

మహారాష్ట్ర ప్రభుత్వ కళాశాలలో చదివినవారు డిగ్రీ తర్వాత ఒక సంవత్సరం ప్రభుత్వ సేవ చేయాలి, లేదా 10 లక్షల రూపాయలు కట్టాలి. జీతంతో కూడిన సేవే కాబట్టి దీనిని భారంగా భావించనక్కరలేదు. సిరోంచ తాలూకా ఆరోగ్య కేంద్రంలో తెలుగు వచ్చిన డాక్టరుకు పని సులువు కూడా.

రాజీనామా పత్రం మాత్రం సీటు ఖాయమయ్యేదాకా ఇవ్వకండి. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చాక కళాశాలలో హాజరు కావడానికి కొద్ది రోజులే ఇస్తారు. మీ సంస్థలో నోటీసు కాలం నెలో మూడు నెలలో ఉండవచ్చు. నోటీసుకు బదులు జీతం కట్టి వెళ్లే వీలుందా, సంస్థ దగ్గర మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏవైనా ఉన్నాయా అన్నది జూన్‌కు ముందే తెలుసుకోండి. చివరగా చదివిన కళాశాల నుంచి టీసీ, బోర్డు మారినవారు మైగ్రేషన్ సర్టిఫికెట్, చదువు ఆగిన సంవత్సరాలకు నోటరీ చేసిన గ్యాప్ అఫిడవిట్, వైద్య దృఢత్వ ధ్రువపత్రం అన్నీ ఒకే ఫైలులో పెట్టి, జిరాక్సులు రెండు సెట్లు తీయించండి. ఇంజనీరింగ్ కళాశాల మూతపడి ఉంటే టీసీ కోసం దాని విశ్వవిద్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది కనుక ఆ ఒక్క కాగితానికి మాత్రం ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.