ఇంట్లో కోపం కట్టలు తెంచుకోకముందే అదుపులోకి తెచ్చుకోవడం ఎలా?

ఆఫీసులో మేనేజరు ఎంత విసిగించినా నోరు మెదపని మనిషి, ఇంటికొచ్చాక గుమ్మంలో చెప్పులు అడ్డంగా ఉన్నాయని పిల్లాడి మీద విరుచుకుపడతాడు. ఆ మనిషికి కోపాన్ని ఆపుకునే శక్తి లేదనుకోవడం పొరపాటు. పొద్దుట్నుంచీ ఆపుకుంటూనే ఉన్నాడు. ఇంటికి చేరేసరికి అలసట, ఆకలి, చనువు ఒక్కచోట కలుస్తాయి. ఏమన్నా వీళ్ళు పడతారన్న ధీమా వాటికి తోడవుతుంది.

కోపం రావడం తప్పు కాదు. ఏదో సరిగా లేదని, ఏదో అన్యాయం జరుగుతోందని అది చెబుతుంది. చేయాల్సినవి రెండే పనులు: ముందు ఒంట్లోని వేడి దించుకోవాలి, తర్వాత చెప్పాల్సిన మాట చెప్పాలి. మొదటిది వదిలేసినవాళ్ళు గొడవలు పెట్టుకుంటారు. రెండోది వదిలేసినవాళ్ళు మనసులో పెట్టుకుని మరో నెలకు ఇంకో చిన్న విషయం మీద బద్దలవుతారు. చాలా ఇళ్ళలో ఈ రెండో రకమే ఎక్కువ, దాన్ని ఓర్పు అని మెచ్చుకుంటారు కూడా.

1. మీ కోపం ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టండి

నోటి దాకా రాకముందే కోపం ఒంట్లో మొదలవుతుంది. అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, కండరాలు బిగుస్తాయి, ఊపిరి పైపైన ఆడుతుంది. మొదటి గుర్తు అందరికీ ఒకటే కాదు. ఒకరికి దవడ బిగుస్తుంది, ఒకరికి చెవులు వేడెక్కుతాయి, ఇంకొకరు గిన్నెలు కాస్త గట్టిగా పెట్టడం మొదలుపెడతారు. మీది ఏదో తెలియకపోతే ఇంట్లోవాళ్ళను అడగండి. పిల్లలు వెంటనే చెప్పేస్తారు.

ఆ తర్వాత కోపానికి 0 నుంచి 10 దాకా అంకె వేయడం అలవాటు చేసుకోండి. 2 అంటే చిరాకు. 4 దగ్గర గొంతు మారుతుంది. 7 దాటితే ఎదుటివాళ్ళు చెప్పేది చెవికెక్కదు, మీరు చెప్పేది మీకే తర్వాత గుర్తుండదు. ఏం చేసినా 4 దగ్గరే చేయాలి. "నేను ప్రయత్నించాను, పని చేయలేదు" అనేవాళ్ళు ఎక్కువగా 8 దగ్గర ప్రయత్నించి ఉంటారు.

అంకె తేలకపోతే నాడి చూసుకోండి. మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి, 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో గుణించండి. ఊరికే కూర్చుని ఉండగా 100 దాటితే ఆ మాట ఇప్పుడు ఎత్తకండి. దంపతుల గొడవలను దశాబ్దాలపాటు పరిశీలించిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ కూడా ఈ 100నే హద్దుగా చెబుతారు.

2. ఊపిరి వదలడం మీద దృష్టి పెట్టండి

"గట్టిగా ఊపిరి పీల్చుకో" అని అందరూ అంటారు. ఆ సలహా సగమే సరైనది. గుండె వేగాన్ని తగ్గించేది ఊపిరి వదలడం. వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండె దాకా వెళ్ళే వేగస్ అనే నరం ప్రభావం పెరిగి గుండె నెమ్మదిస్తుంది. అందుకే వదిలే సమయం పీల్చే సమయం కంటే ఎక్కువ ఉండాలి.

కూర్చోండి. పిడికిళ్ళు విప్పి అరచేతులు తొడల మీద పెట్టండి. నోరు మూసి ముక్కుతో నాలుగు సెకన్లు పీల్చండి, ఆరు సెకన్లు వదలండి. నిమిషానికి ఆరుసార్లు అవుతుంది. ఇలా కనీసం మూడు నిమిషాలు చేయండి, ఐదు నిమిషాలైతే మరీ మంచిది. రెండు ఊపిర్లు తీసి "ఏమీ తగ్గలేదు" అని లేచిపోవడం అందరూ చేసే పొరపాటు.

ఇంకో పొరపాటు, రొమ్ము పొంగేలా వేగంగా, పెద్దగా పీల్చడం. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కంగారు ఇంకా పెరుగుతుంది. అలా అనిపిస్తే లెక్క మానేసి మామూలుగా పీల్చండి, వదిలేది మాత్రం నెమ్మదిగా వదలండి. ఉబ్బసం ఉన్నవాళ్ళూ అంతే.

దీన్ని రోజూ రాత్రి పడుకునే ముందు, కోపం లేనప్పుడు, ఐదు నిమిషాలు సాధన చేయండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు అలవాటు కానిది కోపంలో గుర్తు రాదు.

3. చెప్పి లేవండి, వచ్చే టైము చెప్పండి

కోపం అంకె 5 దాటితే ఊపిరి ఒక్కటే చాలదు, అక్కణ్ణుంచి కదలాలి. ఎలా కదులుతారన్నది ముఖ్యం. తలుపు ధడాలున వేసి వెళ్తే అదీ ఒక దెబ్బే. ఏమీ చెప్పకుండా వెళ్తే ఎదుటివాళ్ళకు అది అలకగానో, లెక్కలేనితనంగానో కనిపిస్తుంది, వెనకాలే వస్తారు. మూడు ముక్కలు చాలు:

"నాకిప్పుడు బాగా కోపంగా ఉంది. ఇప్పుడు మాట్లాడితే ఏదో ఒకటి అనేస్తాను. ఎనిమిదిన్నరకి నేనే వచ్చి మాట్లాడతాను."

ఆ టైముకు తప్పకుండా రావాలి. రెండుసార్లు రాకపోతే మూడోసారి మిమ్మల్ని లేవనివ్వరు. ఈ ఒప్పందం గొడవ లేని రోజున ముందే చేసుకోండి: ఎవరు లేచినా రెండోవాళ్ళు వెంటపడకూడదు, లేచినవాళ్ళు చెప్పిన టైముకు రావాలి. రెండు గదుల ఇంట్లో ఎక్కడికి పోతామంటారా? మేడ మీదికో, వీధి చివరి దాకానో నడవండి, అదీ కుదరకపోతే బాత్రూమ్‌లో తలుపేసుకుని మొహం కడుక్కోండి. బండి మాత్రం తీయకండి.

చంటిబిడ్డ ఏడుపు ఆపక ఒళ్ళు మండుతుంటే ఈ పద్ధతి ఇంకా అవసరం. బిడ్డను ఊయల్లోనో, కిందపడే వీలులేని పరుపు మీదో వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళండి. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే బిడ్డను వాళ్ళకివ్వండి. కాసేపు ఏడిస్తే బిడ్డకేమీ కాదు. పట్టుకుని ఊపేస్తే మాత్రం మెదడులో రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. ఇది ఒక్క క్షణంలో జరిగిపోతుంది, చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో కూడా.

4. ఆ ఇరవై నిమిషాలు ఏం చేయాలి?

వేడి పూర్తిగా దిగడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాలకే "నేను బాగానే ఉన్నా" అనిపిస్తుంది కానీ నాడి ఇంకా వేగంగానే ఉంటుంది, చిన్న మాట తగిలినా మళ్ళీ ఎగుస్తుంది.

ఈ సమయాన్ని చెడగొట్టేది ఒక్కటే: మనసులో వాదన నడపడం. "అతను ఇలా అంటే నేను అలా అంటాను" అని డైలాగులు సిద్ధం చేసుకుంటూ కూర్చుంటే ఒళ్ళు ఇంకా గొడవలోనే ఉన్నట్టు లెక్క. అక్కకో స్నేహితురాలికో ఫోన్ చేసి జరిగిందంతా ఏకరువు పెట్టినా అదే జరుగుతుంది. వాట్సాప్‌లో పొడవాటి మెసేజ్ రాయడం వాటన్నిటికంటే ప్రమాదం, అది మిగిలిపోతుంది. చేతులకు పని చెప్పండి: బట్టలు మడతపెట్టండి, మొక్కలకు నీళ్ళు పోయండి, చిక్కుడుకాయలు ఒలవండి.

లోపల ఆవిరి పేరుకుంటే కుక్కర్‌లా పేలుతుంది, అరిచేస్తే పోతుంది అని చాలామంది నమ్మకం. పరిశోధనలు ఈ నమ్మకాన్ని బలపరచడం లేదు. 2024లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 154 అధ్యయనాలను, అంటే పది వేలమందికి పైగా మనుషుల సమాచారాన్ని, కలిపి చూశారు. ధ్యానం, నెమ్మదైన శ్వాస, కండరాలు సడలించడం వంటి ఒంటిని నెమ్మదింపజేసే పనులు కోపాన్ని తగ్గించాయి. ఒంటిని ఉద్రేకపరిచే పనుల వల్ల మొత్తమ్మీద ప్రయోజనం కనబడలేదు. జాగింగ్ అయితే కోపాన్ని పెంచే వైపే మొగ్గింది. పరుగు ఆరోగ్యానికి మంచిదే, కానీ పొద్దున్న పరిగెత్తండి. దిండును గుద్దడం, గిన్నె విసరడం కోపాన్ని ఖాళీ చేయవు, విసరడాన్ని అలవాటు చేస్తాయి.

5. కోపం కింద ఏముందో చూడండి

వేడి 3కి దిగాక ఒక కాగితం తీసి మధ్యలో గీత గీయండి. ఎడమవైపు కెమెరాలో రికార్డయ్యేది మాత్రమే రాయండి: "ఏడింటికి వస్తానన్నారు. తొమ్మిదింటికి వచ్చారు. ఫోన్ ఎత్తలేదు." కుడివైపు మీ మనసు దానికి చెప్పుకున్న అర్థం రాయండి: "నేనంటే లెక్కే లేదు." కోపం ఎక్కువగా కుడివైపు నుంచే వస్తుంది. ఆ అర్థం నిజమే కావచ్చు కూడా. అయినా ఇంకో రెండు అర్థాలు సాధ్యమేమో రాసి చూడండి.

తర్వాత దానికి సరైన పేరు పెట్టండి. 'కోపం' అని ఒక్క మాటతో సరిపెట్టకండి. అది విసుగా, ఉక్రోషమా, అవమానమా, అసూయా, భయమా? కొడుకు రాత్రి పదకొండింటికి బండి మీద వచ్చినప్పుడు వచ్చేది చాలావరకు భయం. పెళ్ళిలో నలుగురి ముందు ఆడపడుచు "వంట నేర్చుకోలేదా?" అన్నప్పుడు వచ్చేది అవమానం. ఇంటర్ మార్కుల కాగితం చూసినప్పుడు భయంతోపాటు, చుట్టాలకు ఏం చెప్పాలన్న సిగ్గు కూడా కలిసి ఉంటుంది. ఆ సిగ్గు మనదనీ, దానికి బాధ్యత పిల్లలది కాదనీ ఒప్పుకోవడం కష్టమే, కానీ ఒప్పుకుంటే ఆ సాయంత్రం ఇంట్లో జరిగేది పూర్తిగా మారిపోతుంది.

పేరు పెట్టడం వల్ల ఉపయోగం ఉందని మెదడు స్కానింగుల్లోనూ కనిపించింది. 2007లో కాలిఫోర్నియాలో మనస్తత్వవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం, ఎదుట కనిపించే భావానికి మాటతో పేరు పెట్టినప్పుడు భయం, కోపం వంటివాటికి స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగం చురుకుదనం తగ్గుతుందని చూపింది. పేరు తెలిస్తే ఏం అడగాలో కూడా తెలుస్తుంది. భయానికి కావలసింది ఒక ఫోన్ కాల్. అవమానానికి కావలసింది మర్యాద.

6. తిరిగి వెళ్ళి, ఒక్క విషయమే మాట్లాడండి

జరిగింది, మీకు అనిపించింది, మీరు కోరేది, ఈ వరుసలో చెప్పండి:

"తొమ్మిదింటి దాకా ఫోన్ ఎత్తలేదు. నాకు చాలా భయమేసింది. ఆలస్యమయ్యేటట్టుంటే ఒక్క మెసేజ్ పెట్టండి."

కోరేది చేయగలిగిన పనై ఉండాలి. "కాస్త బాధ్యతగా ఉండు" అంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. "ఎప్పుడూ ఇంతే", "ఏనాడైనా నా మాట విన్నావా", "మీ ఇంట్లోవాళ్ళంతా ఇంతే" అన్నారంటే అసలు విషయం అక్కడే ఆగిపోయి పాత లెక్కలు బయటికొస్తాయి.

పెద్దవాళ్ళతో ఇదే మాట వేరేలా చెప్పాలి, చెప్పకుండా మాత్రం ఉండకూడదు. "అత్తయ్యా, వచ్చినవాళ్ళ ముందు అలా అంటే నాకు బాధగా ఉంటుంది. ఏదైనా ఉంటే వాళ్ళు వెళ్ళాక చెప్పండి, వింటాను." గొంతు తగ్గించి, ఒంటరిగా ఉన్నప్పుడు, ఒక్కసారే. పక్కన మూడోమనిషి ఉంటే పెద్దవాళ్ళు తగ్గరు.

7. అరిచేశారా? అదే రోజు సరిచేయండి

పిల్లల మీద అరిస్తే, పడుకునేలోపే వాళ్ళ ఎత్తుకు దిగి కూర్చుని చెప్పండి: "నేను అరిచాను. అది తప్పు. నీకు భయమేసి ఉంటుంది." అక్కడ ఆపేయండి. "కానీ నువ్వు కూడా..." అన్నారో, క్షమాపణ పోయి మళ్ళీ తిట్టే మిగులుతుంది. వాళ్ళు చేసిన పని గురించి రేపు విడిగా మాట్లాడండి. చాక్లెట్ కొనిచ్చి సరిపెట్టకండి, మాట చెప్పే చోట వస్తువు పెట్టడం పిల్లలూ నేర్చుకుంటారు. అమ్మానాన్నలు తప్పు ఒప్పుకుంటే పిల్లల దగ్గర చులకనైపోతారన్న భయం వదిలేయండి.

8. రెండు వారాలు నోట్‌బుక్ రాయండి

ఇన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, ఎక్కువమంది మానేసేదీ ఇదే. కోపం 4 దాటిన ప్రతిసారీ ఒక్క వరుస: టైము, ఎవరి మీద, అంకె, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్ర, చివరిసారి ఏమి ఎప్పుడు తిన్నారు, ఎక్కడైనా నొప్పి ఉందా, మద్యం తాగారా. ఆడవాళ్ళు నెలసరి తేదీ కూడా వేయండి.

రెండు వారాలకు ఒక క్రమం బయటపడుతుంది. స్కూలు ఆటో వచ్చే ముందు అరగంట, సాయంత్రం ఇంటికి చేరాక మొదటి గంట చాలామందికి ఎర్రజెండాలు. అప్పుడు మార్చాల్సింది ముందు ఆ గంటను. యూనిఫారం, బూట్లు, పుస్తకాల సంచి రాత్రే సర్దేయండి. ఇంటికొచ్చే దారిలోనే ఒక అరటిపండో గుప్పెడు వేరుశెనగలో తినండి. వచ్చిన మొదటి ఇరవై నిమిషాలు మార్కులు, డబ్బులు, చుట్టాల సంగతులు ఎవరూ ఎత్తకూడదని ఇంట్లో అనుకోండి.

ఇవేవీ పని చేయకపోతే

ఈ మధ్యే కొత్తగా చిరాకు పెరిగితే ఒంట్లో కారణం ఉందేమో చూడాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే చిరాకు, గుండెదడ, బరువు తగ్గడం కలిసి వస్తాయి. టీఎస్‌హెచ్ రక్తపరీక్షతో తెలుస్తుంది. ఇన్సులిన్ గానీ, షుగర్ తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళు ఉన్నట్టుండి చెమటలు, వణుకుతో మండిపడితే వాదించకండి, షుగర్ చూడండి. 70 కంటే తక్కువ ఉంటే, స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. డిప్రెషన్ కూడా, ముఖ్యంగా మగవాళ్ళలో, ఏడుపుగా కాక కోపంగా కనిపించవచ్చు. కాన్పు తర్వాత రెండు వారాలు దాటినా చిరాకు, ఏడుపు తగ్గకపోతే డాక్టరుకు చెప్పాల్సిందే.

మీరు ఇంట్లో ఎవరిమీదైనా చెయ్యి చేసుకుంటుంటే నోట్‌బుక్ రాస్తూ కూర్చోకండి, వెంటనే సాయం తీసుకోండి. మీమీద ఎవరైనా చెయ్యి చేసుకుంటుంటే, ఈ పద్ధతులతో వాళ్ళ కోపాన్ని దించడం మీ బాధ్యత కాదు. ముందు మీ భద్రత చూసుకోండి: అత్యవసరమైతే 112, మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకు 1098.

మానసిక సమస్యలకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా వెళ్ళాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఫోన్‌లో ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే, "నాకు కోపం ఆగడం లేదు, వారంలో ఇన్నిసార్లు అరుస్తున్నాను, ఇంతకాలంగా ఇలా ఉంది" అని చెప్పండి. ఆసుపత్రికి వెళ్తే నోట్‌బుక్ కాగితాలు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్ళండి. వీలైతే ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకెళ్ళండి. మీరు అరిచేటప్పుడు ఎలా ఉంటారో డాక్టరుకు వాళ్ళే బాగా చెప్పగలరు.