జంప్ స్టార్టర్ పాఠాలు – 4: నాలుగు దీపాలూ వెలిగినా బండి ఎందుకు కదలదు?

బండి బ్యాటరీ దిగిపోయినప్పుడు ఇంజను అందుకునేలా కరెంటు ఇచ్చే చిన్న పెట్టే జంప్ స్టార్టర్. గత పాఠంలో దాని క్లిప్పులు తగిలించే వరుసను సాధన చేశాము. ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు, నల్ల క్లిప్పు ఇంజను మీద రంగు లేని లోహభాగానికి తగిలించాలి. సెల్ఫ్ కొట్టేది మూడు నాలుగు సెకన్లే, ఆ తర్వాత అర నిమిషం విరామం ఇవ్వాలి. చెయ్యి ఈ పనికి అలవాటు పడి ఉంటుందన్న నమ్మకంతో, ఈ పాఠంలో ఆ పెట్టె ఎంతకాలం మన్నుతుందో, మన్నుతున్నదీ లేనిదీ ఇంట్లోనే ఎలా కనిపెట్టాలో నేర్చుకుందాము.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. నా లిథియం జంప్ స్టార్టర్ రెండేళ్లపాటు కారు డిక్కీలోనే పడి ఉంది. ఒక తెల్లవారుజామున బండి బ్యాటరీ దిగిపోయి, దాన్ని బయటికి తీసి మీట నొక్కితే ఛార్జి ఎంతుందో చూపే నాలుగు దీపాలూ నిక్షేపంగా వెలిగాయి. క్లిప్పులు తగిలించి సెల్ఫ్ కొట్టేసరికి మాత్రం టకటకమని చప్పుడు వచ్చింది తప్ప ఇంజను తిరగలేదు. అదే క్షణంలో దీపాలు నాలుగు నుంచి ఒకటికి పడిపోయి, తాళం వెనక్కి తిప్పగానే మళ్ళీ ఒక్కొక్కటిగా నాలుగూ వెలిగాయి. పెట్టె అబద్ధమాడిందని అప్పుడు కోపం వచ్చింది గాని, నిజానికి నేను దాన్ని అడగవలసిన ప్రశ్న అడగలేదు.

ఆ దీపాలు చూపేది పెట్టె విశ్రాంతిగా ఉన్నప్పటి వోల్టేజిని మాత్రమే. సాధారణ లిథియం జంప్ స్టార్టర్లలో మూడు సెల్లు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కొక్కటి పూర్తిగా నిండితే 4.2 వోల్టులు కాబట్టి మూడూ కలిసి 12.6 వోల్టులు అవుతాయి. సెల్లు ముసలివైనా, నిండా ఛార్జి చేసి పక్కన పెడితే దాదాపు ఇదే అంకె చూపుతాయి. వయసుతో మారేది వాటి అంతర్నిరోధం, అంటే ప్రవాహానికి సెల్ లోపలే ఎదురయ్యే అడ్డు. కడవ నిండుగానే ఉంటుంది, మూతి మాత్రం పూడుకుపోతూ వస్తుంది.

దీన్ని ఒక లెక్కగా చూద్దాము. పెట్టె విశ్రాంతిలో 12.4 వోల్టులు చూపుతున్నదనీ, సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగుతున్నదనీ అనుకోండి. క్లిప్పులూ తీగలూ కలుపుకొని మొత్తం నిరోధం 10 మిల్లీఓములైతే, లోపలే పోయే వోల్టేజి 200 × 0.010, అంటే 2 వోల్టులు. మోటారుకు 10.4 అందుతుంది, ఇంజను హాయిగా తిరుగుతుంది. అదే నిరోధం 25 మిల్లీఓములకు పెరిగితే లోపల 5 వోల్టులు పోయి 7.4 మాత్రమే మిగులుతుంది. సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి, అంటే సోలెనాయిడ్, ఒకసారి పట్టుకుంటుంది, ఆ వెంటనే వోల్టేజి కూలి వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేచి మళ్ళీ పట్టుకుంటుంది. మీరు వినే టకటక చప్పుడు అదే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే వేల ఆంపియర్ల అంకెను ఈ లెక్కలో ఎక్కడా వాడలేదు, వాడనక్కర్లేదు కూడా. అది రెప్పపాటు శిఖర ప్రవాహం గురించి చెప్పుకొనే మాటే గాని, మూడు సెకన్లపాటు నిలిచే బలం కాదు.

నిరోధాన్ని పెంచే వాటిలో వేడిది మొదటి స్థానం. ఎండలో మూసి నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం విడ్డూరం కాదు. అంత వేడిలో, అదీ నిండా ఛార్జి చేసి ఉంచిన సెల్లలో, వాడినా వాడకపోయినా రసాయనిక క్షయం సాగుతూనే ఉంటుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. సెల్లకు మేలు చేసేది సగం ఛార్జి, మన అవసరానికి కావలసింది నిండు ఛార్జి. నా మటుకు నేను నాలుగింట మూడు దీపాల దగ్గర ఆపి, ఎండలు ముదిరిన నెలల్లో పెట్టెను ఇంట్లోకి తెచ్చుకుంటాను, ప్రయాణం ఉన్ననాడే బండిలో వేసుకుంటాను. అలాగని నెలల తరబడి మరచిపోకూడదు. లోపలి సర్క్యూట్ కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది, సెల్లు అట్టడుగుకు దిగిపోతే మళ్ళీ కోలుకోకపోవచ్చు. మూడు నెలలకొకసారి చూసి నింపడం మంచి అలవాటు. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఛార్జి చేయకండి, సెల్లలో లిథియం లోహంగా పేరుకుంటుంది.

చాలామంది గమనించని హాని ఇంకొకటి ఉంది. ఇంజను అందుకున్న తర్వాత, దానితో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు 14 వోల్టుల పైచిలుకు ఇస్తుంది, మన మూడు సెల్ల పెట్టె తట్టుకోగలిగింది 12.6 మాత్రమే. క్లిప్పుల తీగలో తిరుగు ప్రవాహాన్ని ఆపే ఏర్పాటు లేకపోతే, సెల్లలోకి మితిమీరిన ఛార్జి తోసుకువస్తుంది. అందుకే ఇంజను తిరిగిన అర నిమిషంలోపే క్లిప్పులు తీసేయాలని మొదటి పాఠంలో అంత పట్టుబట్టాను. లిథియంలోనే మరో రకమైన ఐరన్ ఫాస్ఫేట్ పెట్టెల్లో నాలుగు సెల్లుంటాయి, నిండు వోల్టేజి 14.6. ఈ విషయంలోనూ వేడి విషయంలోనూ అవి గట్టివే గాని, అదే శక్తికి బరువెక్కువ. పాత లెడ్ యాసిడ్ పెట్టెల తీరు వేరు. వాటిని ఎప్పుడూ నిండుగానే ఉంచాలి, సగం ఛార్జిలో వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి పాడవుతాయి.

ఇక అభ్యాసం. పెట్టెను నున్నటి బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఒక మూలను వేలితో తిప్పండి. కొద్దిగా జరిగి ఆగితే సరే, బొంగరంలా గిర్రున తిరిగితే అడుగు ఉబ్బినట్టే. ఉబ్బిన పెట్టెను ఛార్జి చేయకండి, గుచ్చకండి, విప్పకండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేచోట అప్పగించండి.

ఉబ్బు లేకపోతే నిండా ఛార్జి చేసి, యూఎస్‌బీ మీటరు గుండా ఒక ఫోనుకో దీపానికో కరెంటు ఇస్తూ ఖాళీ కానివ్వండి, బయటికి వచ్చిన మొత్తం శక్తిని, అంటే మీటరు చూపే వాట్-గంటలను, రాసుకోండి. డబ్బా మీద 12,000 మిల్లీ ఆంపియర్-గంటలని ఉంటే, అది సాధారణంగా ఒక్క సెల్ సగటు వోల్టేజి 3.7తో వేసిన లెక్క, అంటే 12 × 3.7 = 44.4 వాట్-గంటలు. మార్పిడిలో కొంత పోగా 35 నుంచి 40 దాకా వస్తే పెట్టె బాగున్నట్టు. పరీక్ష అయిన వెంటనే మళ్ళీ ఛార్జి చేయండి, ఖాళీగా వదిలేయకండి.

ఇది కడవ లోతును కొలిచే పరీక్షే, మూతిని కొలిచేది కాదు. మూతి సంగతి తెలియాలంటే, ఈసారి నిజంగా అవసరపడినప్పుడు మరొకరిని సెల్ఫ్ కొట్టమని, క్లిప్పుల దగ్గర మల్టీమీటరు పెట్టి, సెల్ఫ్ తిరుగుతున్నప్పటి కనిష్ఠ వోల్టేజి అంకె చూడండి. 10 దగ్గర నిలిస్తే నిశ్చింత, 9 కన్నా దిగితే కొత్తది కొనుక్కునే ఆలోచన చేయండి. ఈ పరీక్ష కోసమని బండి బ్యాటరీని పూర్తిగా విప్పేసి పెట్టెతోనే నడపకండి. బ్యాటరీ లేని ఆల్టర్నేటరు విసిరే వోల్టేజి కెరటాలకు బండిలోని ఎలక్ట్రానిక్స్ బలవుతాయి.

వాట్-గంటలనూ కనిష్ఠ వోల్టేజినీ తేదీతో సహా ఒక చీటీ మీద రాసి పెట్టె అడుగున అంటించండి. వచ్చే పాఠంలో ఆ చీటీ చేతిలో ఉండాలి, క్లిప్పుల తీగ మందంతో ఆ రెండో అంకె ఎలా మారుతుందో చూస్తాము.