చేత్తో చేసిన యుకులేలే కొనేముందు 12వ ఫ్రెట్ చూడండి

దగ్గర్లో ఉన్న తయారీదారు దగ్గర యుకులేలే (చిన్న గిటార్ లాంటి నాలుగు తీగల వాయిద్యం) కొనడానికి వెళ్తే చాలామంది కలప మెరుపు చూసి పడిపోతారు. నేనూ అలాగే పడ్డాను. జేబులో ఒక ట్యూనర్ (శ్రుతి సరిగా ఉందో లేదో చూపే పరికరం) వేసుకుని వెళ్లండి, ఫోన్‌లో యాప్ అయినా చాలు.

నాలుగు తీగల్నీ జి, సి, ఇ, ఎ స్వరాలకు శ్రుతి చేశాక ఒక్కో తీగనీ ముందు ఊరికే మీటండి, తర్వాత 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర నొక్కి మీటండి. అదే స్వరం పై స్థాయిలో పలకాలి. ట్యూనర్ ముల్లు బాగా పక్కకి పోతే తీగల ఎత్తులోనో, బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క ముక్క) అతికించిన చోటులోనో తేడా ఉండొచ్చు. ఎత్తే సమస్యయితే శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని పట్టీ) అరగదీసి అప్పటికప్పుడే సరిచేస్తారు. బ్రిడ్జి అయితే మాత్రం పెద్ద పని, ఆ వాయిద్యం వదిలేయడమే మేలు. 12వ ఫ్రెట్ మీద తీగ దాదాపు 2.5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే వేళ్లకు హాయి.

మెడ అంచు వెంట బొటనవేలు జారించండి, ఫ్రెట్ కొనలు గీరుకోకూడదు. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి. శ్రుతి జారిందని టెన్షన్ పడొద్దు, పాపం అది తయారీదారు తప్పు కాదు.

సైజు ఇంకా తేల్చుకోకపోతే సోప్రానో, కాన్సర్ట్, టెనర్ మూడూ పట్టుకుని చూడండి. తీగ పొడవు సుమారు 13, 15, 17 అంగుళాలు ఉంటుంది. పూర్తిగా అసలు చెక్కతో చేసినదైతే గాలి పొడిబారినప్పుడు పగుళ్లు రావచ్చు. పెట్టెలో ఏం పెట్టి దాచాలో, ఏడాది తర్వాత సెటప్ (తీగల ఎత్తు వగైరా మళ్లీ సరిచేయడం) చేసిపెడతారో లేదో డబ్బు ఇచ్చే ముందే అడిగేయండి.