తుప్పు పట్టిన సస్పెన్షన్ బోల్టు విప్పే ముందు

వానలు తగ్గాయి, దసరా ప్రయాణాలు దగ్గరపడ్డాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెదారుల బురదలో తిరిగిన కార్ల కింద బోల్టులు మొండికేసి ఉంటాయి. ఇంట్లోనే షాక్ అబ్జార్బర్ మార్చాలనుకునేవారికి:

– స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైన నడిమధ్య నట్టు జోలికి వెళ్లవద్దు. దాని కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ బిగించకుండా విప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

– జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు. పానా గట్టిగా లాగినప్పుడే కారు జారేది. స్టాండ్లు పెట్టండి, చక్రాలకు రాళ్లు అడ్డం వేయండి. మట్టి వాకిలి అసలే పనికిరాదు.

– ముందురోజు రాత్రే బోల్టు మరలను వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టండి. ఎండిన బురద మీద కొడితే లోపలికి దిగదు. బ్రేకు డిస్కు మీద మాత్రం చుక్క పడకూడదు.

– ఆరు మూలల సాకెట్ వాడండి. పన్నెండు మూలలది బోల్టు తలను అరగదీస్తుంది, ఆ తర్వాత పూటంతా దానితోనే కుస్తీ.

– ముందు కాస్త బిగించి, తర్వాత విప్పండి. కీచుమని కదలగానే సంబరపడి ఒకే ఊపున లాగకండి. రాలిన తుప్పు మరల్లో ఇరుక్కుని బోల్టు మళ్లీ పట్టేస్తుంది, లేదా విరుగుతుంది. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, మధ్యలో నూనె.

– బోల్టును వేడిచేసి వదిలించాలనుకున్నా, రబ్బరు బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు), బ్రేకు గొట్టం దగ్గర మంట వద్దు.

– నైలాన్ రింగు నట్టు కొత్తది ముందే కొనండి. పాతదానికి పట్టు తగ్గుతుంది.