వ్యాన్ క్యాబిన్‌లో నీళ్లు, మోత

మన నెల్లూరు, ఒంగోలు వైపు అక్టోబరు వచ్చిందంటే వానలు దంచికొడతాయి. క్యాబిన్‌లో కాళ్లకింద నీళ్లు చేరగానే చాలామంది సిలికాన్ ట్యూబు కొనుక్కొచ్చి అద్దం చుట్టూ పూసేస్తారు. ఆగండి. నీళ్లు కనపడే చోటు వేరు, దూరే చోటు వేరు.

ముందు వైపర్ల కింది జాలీ చూడండి. వేపచెట్టు నీడన బండి పెట్టేవాళ్లకైతే అక్కడ ఎండాకు గుజ్జై, నీళ్లు పోయే దారి మూసుకుపోయి ఉంటుంది. తలుపుల అడుగు అంచున ఉండే చిన్న కన్నాలూ అంతే. ప్లాస్టిక్ పుల్లతో పొడిస్తే బురదనీళ్లు బొళబొళా కారతాయి.

అప్పటికీ ఆగకపోతే ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయటనుంచి పైపుతో నీళ్లు పట్టాలి. కిందనుంచి మొదలుపెట్టి నిదానంగా పైకి రావాలి. పైనుంచి పోస్తే ఎక్కడ దూరిందో ఛస్తే తెలియదు. సందు దొరికాక బాగా ఆరబెట్టి పాలీయురేథేన్ సీలెంట్ వేయండి. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వద్దు, రేకు తుప్పు పడుతుంది.

ఇక చప్పుడు. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి, లాగండి. సులువుగా జారి వస్తే హైవే మీద గాలి హోరు అక్కడినుంచే. లాక్ కొక్కెం కాస్త లోపలికి జరిపితే చాలాసార్లు కొత్త రబ్బరు అక్కర్లేదు. సీటు కింద ఇంజన్ ఉన్న బండికి మాత్రం ఇంజన్ మూత చుట్టూ రబ్బరు బాగుండాలి. రేకు అదురును, మోతను తగ్గించే బ్యూటైల్ రబ్బరు షీట్లు అంతటా అతికించి డబ్బు తగలేయకండి. వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగే రేకు మధ్యలో వేస్తే చాలు. మ్యాట్ కింద స్పాంజి వేశారో, అది నీళ్లు పీల్చుకుని అడుగు రేకును తినేస్తుంది.